పచ్చి కర్ర మీద గొడ్డలి

పచ్చి కర్ర ఇంత హాయిగా తెగుతుందని తెలియకుండానే ఇన్నేళ్లు గడిపేశాను! గొడ్డలి ఆనీ ఆనగానే పేడు సర్రున లేచి పక్కకు పడింది, పచ్చికొబ్బరి కోసినట్టు. తెగిన చోట చెక్క తడిగా మెరుస్తోంది. వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది. ఇంకో దెబ్బ, ఇంకో పేడు. కాళ్ల చుట్టూ లేత పసుపు రంగు పేళ్లు పోగుపడుతుంటే చేతిలోని కట్టె చూస్తుండగానే కొత్త రూపంలోకి వస్తోంది. కరెంటు లేదు, యంత్రం లేదు, వడ్రంగి బల్ల లేదు. ఒక చింతమొద్దు, ఒక గొడ్డలి, నిన్న కొట్టిన సుబాబుల్ కట్టె. అంతే. ఇంత కొద్ది సరంజామాతో ఇంత సంతోషం దొరుకుతుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక దగ్గరపడేసరికి తొక్క తీసిన జామాయిల్, సుబాబుల్ కట్టెల లారీలు, ట్రాక్టర్లు రోడ్డు మీద వరస కడతాయి. 1979 నుంచి నడుస్తున్న కాగితం మిల్లుకు వెళ్లే కట్టె అది. ఈ జిల్లాలో పెరిగినవాళ్లకి ఆ లారీలు చిన్నప్పటి నుంచీ తెలుసు. దేశమంతా నాటుతున్న జామాయిల్ క్లోన్లకు భద్రాచలం పేరే ఉందనీ తెలుసు. అయినా ఆ కట్టెని టన్నుల లెక్కన తూచేదిగానే చూశాం కానీ, అందులో ఒక తెడ్డు ఉంది, ఒక బొంగరం ఉంది అని ఎవరం అనుకున్నాం? గోదావరి దాటి దుమ్ముగూడెం వైపు, అడవి అంచున ఒక కోయ గూడెంలో ఒక తాత ముందు కూర్చున్నాక గానీ నాకు ఆ సంగతి తెలియలేదు. నాగళ్లు, కాడిమానులు చెక్కడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరు. ఇప్పుడు నాగళ్లు అడిగేవాళ్లు తగ్గారు. అడిగితే మాత్రం చెయ్యి ఆగదు.

ఈ నేల గీతలు ఎన్నోసార్లు మారాయి. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో ఏడు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి, 2016 నుంచి భద్రాచలం పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కూనవరం వెళ్లినా, చర్ల వెళ్లినా, చింతూరు వెళ్లినా అడవిదారిలో ఎదురయ్యే పెద్దవాళ్ల భుజాన గొడ్డలి మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. పాపికొండల కొండరెడ్ల మధ్య 1941లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ తన పుస్తకాన్ని 1945లో అచ్చు వేయించాడు. గొడ్డలితో అడవి కొట్టి పోడు చేసి, గుచ్చుడు కర్రతో విత్తనం వేసుకునే బతుకు ఆ పుస్తకంలో ఉంది. ఆ గొడ్డలిని నేను ఇన్నాళ్లూ నరికే పనిముట్టు అనుకున్నాను. అది చెక్కే పనిముట్టు కూడా!

తాత గొడ్డలి చూడ్డానికి చిన్నది. లారీ కమాను పట్టాతో ఊరి కొలిమిలో చేయించినది. అంచు ఎంత పదునంటే ముంజేతి మీద ఆనించి లాగితే వెంట్రుకలు తెగుతాయి. పని మొదలుపెట్టే ముందు ఏటి రాయి మీద నీళ్లు చల్లి, ఇటు కాసేపు అటు కాసేపు నూరి, అంచుని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాడు. "ఎందుకు తాతా అలా చూస్తున్నావు?" అన్నాను. "పదును పోయినచోట తెల్లగా మెరుస్తది బిడ్డా. అసలు పదును కంటికి కనబడదు" అన్నాడు. నిజమే! మొద్దుబారిన అంచు మీద వెలుతురు గీతలా కనిపిస్తుంది, నూరిన అంచు మీద వెలుతురు నిలవదు. ఎన్ని కత్తిపీటల మీద ఎన్ని కూరలు తరిగి ఉంటాను, ఈ చిన్న పరీక్ష ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కత్తులన్నీ దీపం కింద పెట్టి చూశాను.

మొదటి పాఠం చెక్కడం కాదు, చీల్చడం. పొడవు తెంచడానికి తప్ప తాత రంపం జోలికి పోడు. కట్టెని నిలబెట్టి, కొస మీద సరిగ్గా నడిమి బెండు మీదుగా గొడ్డలి అంచు పెట్టి, కొడతితో వీపు మీద ఒక్క దెబ్బ వేశాడు. చట్‌మని చిన్న చప్పుడు. ఇంకో దెబ్బకి పరపరమంటూ కట్టె నిలువునా రెండైంది. లోపలి చెక్క బయటపడిన ఆ క్షణం ఉందే, దాన్ని ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. అంచున లేత పసుపు, నడుమ ఎర్రమట్టి రంగు చేవ, పైనుంచి కిందిదాకా ఒకే పరుగున సాగిన పోగులు. ఆ పోగులు ఎక్కడ వంగాయో, ఎక్కడ కొమ్మ మొలిచి కణుపు కట్టిందో, ఆ చెట్టు బతుకంతా కళ్లముందు పరుచుకుంటుంది.

ఎందుకు చీల్చాలి? రంపం తిన్నగా పోతుంది. కర్రలో పోగులు తిన్నగా ఉండవు. రంపంతో కోస్తే పోగులు మధ్యలో తెగి పక్కకు బయటపడతాయి, సన్నగా చేసినప్పుడు కర్ర అక్కడే విరుగుతుంది. చీలిక మాత్రం పోగు వెంటే నడుస్తుంది. అందుకే చీల్చిన కట్టెతో చేసిన తెడ్డు కాడ చిటికెనవేలంత సన్నగా ఉన్నా ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని పోగుతో నిలుస్తుంది. బజారులో కొన్న చెక్క గరిటెలు మెడ దగ్గర పుటుక్కున ఎందుకు విరుగుతాయో ఆ రోజు అర్థమైంది. పలక నుంచి కోసి తీసినవి కదా అవి!

సగం చేసిన తర్వాత బెండు ఉన్న నడిమి భాగాన్ని చెక్కి పారేస్తాడు తాత. "అది ఉంటే పగులుద్ది" అంటాడు. ఆ ఒక్క మాట వెనక ఉన్న లెక్క తెలుసుకున్నాక నాకు ఈ విద్య మీద మోజు రెట్టింపైంది. ఆ లెక్క చెప్పకుండా ఉండలేను.

పచ్చి కర్ర నిండా నీళ్లే. ఎండిన కర్ర బరువుతో పోలిస్తే అందులో నీళ్ల బరువు సగానికి పైగా ఉంటుంది, కొన్ని మెత్తటి జాతుల్లో కర్ర బరువునే మించిపోతుంది. ఆ నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కొంత నీరు సన్నటి గొట్టాల లోపల ఖాళీలో, కొంత నీరు ఆ గొట్టాల గోడల్లో. కొట్టిన కట్టె ఎండేటప్పుడు ముందు ఖాళీల్లోని నీరు పోతుంది. అప్పుడు కట్టె తేలికవుతుంది కానీ కుంచించుకోదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. కర్ర గట్టిపడేదీ, కుంచించుకునేదీ, పగిలేదీ అప్పుడే. పచ్చిగా ఉన్నప్పుడు ఆ గోడలు నానిపోయి మెత్తగా ఉంటాయి కాబట్టే గొడ్డలి అంత సుళువుగా దిగుతుంది!

కుంచించుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. టేకునే తీసుకోండి. పూర్తిగా ఎండేసరికి బెండు నుంచి బెరడు వైపు 2.5 శాతం తగ్గితే, వలయాల వెంట చుట్టూ 5.8 శాతం తగ్గుతుంది. మంచి కర్ర అని పేరున్న టేకు సంగతే ఇది. నిలువున మాత్రం తగ్గినా తగ్గనట్టే. చుట్టూ ఎక్కువ, లోపలికి తక్కువ తగ్గితే ఏమవుతుంది? గుండ్రటి కట్టె ఎక్కడో ఒకచోట బెండు దాకా పగలాల్సిందే. అదే కట్టెని నిలువునా చీల్చి బెండు తీసేస్తే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది, కర్ర పగలకుండా కొద్దిగా వంగి సర్దుకుంటుంది. "పగులుద్ది" అన్న తాత మాటలో ఇంత శాస్త్రం ఉంది! ఆయనకు శాతాలతో పని లేదు, చేతికి తెలుసు.

చీల్చాక చెక్కడం. గొడ్డలి కామను చివర పట్టుకుని పెద్ద ఊపుతో కొడతామని అనుకుంటాం కదా. చెక్కేటప్పుడు ఇనుముకు దగ్గరగా, దాదాపు మెడ దగ్గర పట్టుకోవాలి. మోచెయ్యి కదులుతుంది, భుజం కదలదు. "బలం నీది కాదు బిడ్డా, ఇనుముది. నువ్వు ఎత్తు, పడనియ్యి" అన్నాడు తాత. అలా పడనిచ్చినప్పుడు గొడ్డలి తన బరువుతో తానే దిగుతుంది. అలసట రాదు. ఒక తీరు వస్తుంది. టక్, టక్, టక్ అని ఆ తీరులో పడిపోతే మధ్యాహ్నం ఎప్పుడైందో తెలియదు.

ఇంకా ఎంత చక్కటి మెళకువలో! మొద్దు మీద కట్టెని మనవైపు అంచున ఆనించకూడదు, అవతలి అంచుకి ఆనించాలి. దెబ్బ జారితే గొడ్డలి మొద్దులో దిగబడుతుంది, మోకాలి మీదకు రాదు. కట్టె పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ దెబ్బ పడే చోటుకు పైనే ఉండాలి. చెక్కడం పైనుంచి మొదలుపెట్టరు. కింది నుంచి పైకి వరసగా ఏటవాలు గాట్లు పెట్టుకుంటూ వచ్చి, ఆ తర్వాత పైనుంచి కిందికి సాఫీగా చెక్కుతారు. గాట్లు ముందే పోగుల్ని తెంచి ఉంచాయి కాబట్టి పేడు గాటు దగ్గర ఆగిపోతుంది, చీలిక అదుపు తప్పి కాడలోకి పాకదు. ఎప్పుడూ లావు నుంచి సన్నానికి చెక్కాలి. నడుం దగ్గర పల్లం కావాలంటే అటునుంచి సగం, ఇటునుంచి సగం చెక్కుకుంటూ వచ్చి పల్లంలో కలపాలి. పోగుకి ఎదురెక్కితే గొడ్డలి వెంటనే గరుకుగా అడ్డం తిరుగుతుంది. కట్టె తిప్పి పట్టుకుంటే మళ్లీ నున్నగా దిగుతుంది. ఈ రెండింటి తేడా చెవికి కూడా తెలుస్తుంది.

నాతో మొదట చేయించింది చిర్రగోనె, అదే బిళ్లంగోడు ఆట కట్టెలు. గూడెం పిల్లలు చుట్టూ కూర్చుని చూస్తున్నారు. చిర్రకు రెండు కొసలా మొన తేలాలి, రెండూ ఒకే తీరుగా ఉండాలి, లేకపోతే లేవదు. ఇంతకన్నా మంచి మొదటి పాఠం ఏ బడిలో ఉంటుంది! కొస చెక్కడం వస్తే సగం గొడ్డలి పని వచ్చినట్టే. అయిపోగానే పిల్లలు లాక్కుపోయి పరీక్షించారు. అది గాల్లోకి లేచినప్పుడు నాకు కలిగిన గర్వం ఏ ఉద్యోగంలోనూ కలగలేదు, ఇది నిజం.

తర్వాత తెడ్డు. దానికి సుబాబుల్ వద్దన్నాడు తాత, పొలం గట్టు మీద గుమ్మడి టేకు కొమ్మలు కొట్టిన చోటి నుంచి ఒక ముక్క తెప్పించాడు. తేలికైన కర్ర, రంగు తెలుపుకి దగ్గర, ఎండాక పెద్దగా మెలి తిరగదు. గొడ్డలితో రూపం తెచ్చి, సన్న పనికి కత్తి పట్టాను. గరుకు కాగితంతో రుద్దలేదు. కత్తి తీసిన చిన్నచిన్న చదునులు అలాగే వదిలేశాను. నా మటుకు నాకు అవే అందం. రుద్ది నున్నగా చేస్తే తెగిన పోగుల చివరలు నీళ్లు తగలగానే లేచి గరుకవుతాయి. పదును కత్తి చెక్కిన చదును తడిసినా అలాగే ఉంటుంది. తాత ఇంట్లోని అవ్వ దాన్ని జావకుండలో రెండు తిప్పులు తిప్పి, "పట్టు బాగుంది" అంది. ఆ ఇంట్లో జావ పోసుకునేది ఇప్పటికీ సొరబుర్రతోనే. ఆ అవ్వ నోట ఆ మాట వచ్చిందంటే చాలు నాకు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది వంపుల సంగతి. నాగటి దుంప వంకరగా ఉంటుంది కదా, అంత పెద్ద వంకర ఎలా చెక్కుతారని అడిగాను. తాత నవ్వి లేచి, ఇంటి వెనక వేపచెట్టు కింద నిలబెట్టి పైకి చూడమన్నాడు. కొమ్మ కాండం నుంచి విడిపోయే చోటు చూపించాడు. వంపు చెక్కరట! వంపుతో పెరిగిన కర్రనే వెతికి తెస్తారట! కొమ్మ మలుపులో పోగులు కూడా మలుపు తిరిగే ఉంటాయి. కాబట్టి ఆ వంకర ముక్క ఎద్దుల లాగుడుకి విరగదు. తిన్నటి దుంగలో వంకర చెక్కితే పోగులన్నీ మధ్యలో తెగి మొదటి చాలులోనే పుటుక్కుమంటుంది. నాగలికి తుమ్మ, బండి ఇరుసుకి, గొడ్డలి కామకి చిరుమాను అని పాతకాలపు వడ్రంగులు కర్రను పట్టి పనిని, పనిని పట్టి కర్రను ఎంచేవారు. చెట్టు కింద నడుస్తూనే ఇది మేడి, ఇది కాడి, ఇది కవ్వం కొమ్మ అని గుర్తు పెట్టుకునే కళ్లు వాళ్లవి. ఆ మధ్యాహ్నం నుంచి నేను ఏ చెట్టుని చూసినా ముందు కొమ్మల మలుపులే చూస్తున్నాను. ఖమ్మంలో మా వీధి కానుగ చెట్టులో రెండు గరిటెలు, ఒక కొక్కెం కనిపెట్టాను!

ఏరువాక ముందు వడ్రంగి ఇంటి ముందు నాగళ్లు వరస కట్టి, కోతలయ్యాక కళ్లంలో ధాన్యం మేర కొలిచి ఇచ్చిన రోజుల గురించి మా ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నాను. ట్రాక్టరు వచ్చి ఆ పనిని మూల పెట్టింది. విద్య మాత్రం ఇంకా బతికే ఉంది, కొన్ని గూడేల్లో, కొందరి చేతుల్లో. కోయల పెద్ద పండుగల్లో మోగే డోలు కూడా కర్రను తొలిచి చేసేదే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ డోలు మీద కోయ వంశగాథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. పాట పాడినవారిని గౌరవించడం చాలా మంచి పని. మొద్దును డోలుగా తొలిచే చేతుల్ని కూడా ఎవరైనా వెతికితే ఎంత బాగుంటుంది!

ప్రపంచంలో ఇంకోచోట ఈ విద్యను నెత్తిన పెట్టుకున్నారు. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ అనే ఆయన 19వ శతాబ్దంలో నేస్ అనే చోట బడిపంతుళ్లకు చేతిపని నేర్పే శిక్షణాలయం నడిపాడు. ఆ చేతిపని చదువు పేరు స్లోయిడ్. రవీంద్రుని శాంతినికేతన్ నుంచి లక్ష్మీశ్వర్ సిన్హా అక్కడికి వెళ్లి నేర్చుకుని వచ్చారు. అదే దేశానికి చెందిన విల్లే సుంద్‌క్విస్ట్ కత్తితో, గొడ్డలితో పచ్చి కర్ర చెక్కడం మీద రాసిన పుస్తకం 1990లో ఇంగ్లీషులోకి వచ్చి ఎందరినో చెక్కేవాళ్లుగా మార్చింది. 2012 నుంచి ఇంగ్లండ్‌లో ఈడేల్ అనే పల్లెలో చెక్క చెంచాల పండుగ జరుపుతున్నారు, పచ్చి కర్ర చెక్కేవాళ్లు దేశదేశాల నుంచి వస్తారు. కట్టెని చీల్చడం, బెండు తీసెయ్యడం, గాట్లు పెట్టి చెక్కడం, వంపు కొమ్మ ఎంచుకోవడం. వాళ్లు అక్కడ నేర్పే పాఠాలూ మన గూడెం తాత చింతమొద్దు దగ్గర చెప్పిన పాఠాలూ ఒకటే. వాళ్లు భూర్జ చెట్టు చెక్కుతారు, మనం సుబాబుల్ చెక్కుతాం. మనకు కొండపల్లి బొమ్మకు తెల్ల పునికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు అని గొప్ప పేర్లున్నాయి. మరి గొడ్డలి పనికి ఒక పండుగ భద్రాచలంలో ఎందుకు ఉండకూడదు? గోదావరి ఒడ్డున, ముక్కోటికో శ్రీరామనవమికో జనం ఎలాగూ వస్తారు. నాగలి చెక్కే తాతల్ని కూర్చోబెట్టి పిల్లల చేతికి చిర్రగోనె కట్టె ఇస్తే చాలు.

కర్ర ఎక్కడ దొరుకుతుందని మీరు అడుగుతారు. అడవిలోకి వెళ్లకండి. రిజర్వు అడవిలో చెట్టు మీద గొడ్డలి వెయ్యడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు వెదురు మీద, కంప మీద, మోడుల మీద హక్కు ఇచ్చింది కానీ కలప మీద ఇవ్వలేదు. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఆ చట్టాలు ఉండాల్సిందే, అడవి మిగలాలి. అసలు మనకు అడవి కర్ర అక్కర్లేదు. సుబాబుల్ రైతు పంట. కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురేసి కొన్నేళ్లలో చేతికొస్తుంది. కోత జరిగే తోటకు వెళ్లి రైతును అడిగితే ముంజేయంత లావు కట్టెలు కాసిని దొరుకుతాయి. గాలివానకు విరిగిన మామిడి కొమ్మ, కరెంటు తీగల కింద కొట్టిన వేపకొమ్మ కూడా పనికొస్తాయి. జామాయిల్ మాత్రం మొదట్లో వద్దు. ఆ చెట్టు లోపల ఒత్తిడి ఎంత ఉంటుందంటే కొట్టిన కాసేపటికే కొసలు వాటంతటవే పగలడం మొదలవుతుంది, పోగులు కూడా మెలిపడి గొడ్డలిని అటూ ఇటూ లాగుతాయి.

మన ఎండలకి ఒక జాగ్రత్త. కర్ర కొసల నుంచి నీరు పక్కలకన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. కొత్తగూడెం వేసవిలో పచ్చి కట్టె ఆరుబయట పెడితే పూట గడవకముందే కొసలు విచ్చుకుంటాయి. కట్టెని నీళ్ల తొట్టిలో వేసి ఉంచితే ఎన్నాళ్లయినా పచ్చిగానే ఉంటుంది, నీళ్లు మారుస్తుంటే చాలు. సగం చెక్కిన వస్తువుని దాని పేళ్లతోనే గోనెసంచిలో చుట్టి నీడన పెట్టాలి. అలా నిదానంగా ఆరుతుంది. బాగా ఆరాక చివరి కత్తి పని చేసి నూనె పట్టించాలి. నేను కుసుమ నూనె వాడుతున్నాను. గాలి తగిలి పొరలా గట్టిపడే గుణం దానికి ఉంది, వంటకూ వాడే నూనె కాబట్టి భయం లేదు. ఈ పనికి వానాకాలం, చలికాలం మంచివి.

ఇంకో మాట. గొడ్డలి ఆన్‌లైన్‌లో కొనకండి. మీ దగ్గరి ఊళ్లో కొలిమి ఇంకా రగులుతుంటే కమ్మరి దగ్గరికే వెళ్లండి, కిలో లోపు బరువుతో చేయించుకోండి, కామ మీ మోచేయంత పొడవుంటే చాలు. తర్వాత నాగలి చెక్కిన మనిషి ఎవరున్నారో వాకబు చేయండి. దుమ్ముగూడెంలో, చర్లలో, ములకలపల్లిలో, అశ్వారావుపేటలో, సత్తుపల్లి పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆయన ముందు కూర్చుని "నాకు నేర్పు తాతా" అని అడగండి, ఆ రోజు ఆయన కూలి ఆయనకివ్వండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఆ తాతలందరూ పెద్దవయసువాళ్లు. ఈ చలికాలమే వెళ్లండి.